ఎస్.ఎస్. రాజులా: మద్రాసు–సింగపూర్ పొగ ఓడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ ఓడ? ఎప్పటిది?

1926లో గ్లాస్గోలోని బార్‌క్లే కర్ల్ యార్డులో కట్టిన రెండు పంకాల (ప్రొపెల్లర్ల) పొగ ఓడ. సొంతదారు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ, వాడుకలో బి.ఐ. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హాం (ఇప్పటి పోర్ట్ క్లాంగ్), సింగపూర్ దాని దారి. రెండో ప్రపంచ యుద్ధానికి పోయిన ఏళ్ళు తీసేస్తే 1973 దాకా ఎక్కువ కాలం ఈ దారిలోనే తిరిగింది. పాతికేళ్ళు దాటితే ఓడ ముసలిదైనట్టే లెక్క. ఇది ఒకే కంపెనీ జెండా కింద 47 ఏళ్ళు పనిచేసింది.

రాజులా అంటే "రాజు లాగా" అనా?

కాదు. గుజరాత్‌లోని సౌరాష్ట్రలో రాజులా అనే ఊరుంది. బి.ఐ. తన ఓడలకి ఎక్కువగా "ఆ" శబ్దంతో ముగిసే ఊళ్ళ పేర్లు పెట్టేది. మన చెవికి వేరే అర్థం తోచడం యాదృచ్ఛికమే. డెక్కు మీద చాప పరుచుకుని వెళ్ళినవాళ్ళెవరూ రాజులా వెళ్ళలేదు.

ఓడ వివరాల్లో సుమారు 8,500 టన్నులు అని ఉంటుంది. అది బరువా?

కాదు, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఓడలకి రాసే "గ్రాస్ టన్ను" ఆ రోజుల్లో చోటు కొలత: 100 ఘనపుటడుగుల మూసి ఉన్న జాగా ఒక టన్ను. ఓడ ఎంత నీటిని పక్కకి నెడుతుందో అది డిస్‌ప్లేస్‌మెంట్. సరుకు, ఇంధనం, నీళ్ళు, మనుషులు కలిపి ఎంత మోయగలదో అది డెడ్‌వెయిట్. సరుకూ ఇంధనమూ లేని ఒట్టి ఓడ బరువు లైట్ డిస్‌ప్లేస్‌మెంట్. తుక్కుకి కొనేవాడు చూసేది ఈ చివరిదే. పాత కాగితాల్లో ఒకే ఓడకి నాలుగు రకాల టన్నులు కనబడితే కంగారు పడకండి, నాలుగూ నిజమే కావచ్చు.

ఐదు వేల మందిని ఎక్కించేదంటారు. అంతమంది ఎలా పట్టేవాళ్ళు?

కొత్తలో దానికి ఇచ్చిన సర్టిఫికెట్టులో డెక్కు ప్రయాణికుల సంఖ్య ఐదు వేలకి పైమాటే. క్యాబిన్లలో వెళ్ళేవాళ్ళు ఆ లెక్కలో చిటికెడు. డెక్కు ప్రయాణికుడికి మంచం ఉండదు, గది ఉండదు. తట్టాబుట్టా, చాప, చెంబు తెచ్చుకుని దొరికిన చోట పరుచుకోవాలి. ఆ చోటు ఎండా వానా తగిలే పై డెక్కే కానక్కర్లేదు. కింద సరుకు గదుల పైన ఉండే మధ్య డెక్కులు కూడా మనుషులకే. అక్కడ వెలుతురు గుండ్రటి కిటికీల నుంచి, గాలి పైకి నిలబెట్టిన రేకు గొట్టాల నుంచి.

ప్రయాణికుల సంఖ్య చదరపుటడుగుల లెక్క. తలకి ఇంత చోటని చట్టం చెబుతుంది, సర్వేయరు డెక్కు కొలిచి భాగిస్తాడు. మరుగుదొడ్లు, వంటశాల, ఆసుపత్రి గది, తాళ్ళు లాగే యంత్రాలు ఆక్రమించిన జాగా తీసేస్తారు. ప్రయాణం దగ్గరిదా దూరమా, మంచి రుతువా గాలివానల రుతువా అన్నదాన్ని బట్టి తలకిచ్చే చోటు మారుతుంది. అందుకే ఒకే ఓడకి ఒకే ఏడాదిలో వేర్వేరు సంఖ్యలు కనిపిస్తాయి. ఐదు వేలన్నది గరిష్ఠ పరిమితి, ప్రతి ప్రయాణంలోనూ అంతమంది ఉన్నారని కాదు. డెక్కు ప్రయాణికుల ఓడల కోసం చేసిన 1931 నాటి సిమ్లా నిబంధనలు, యుద్ధం తర్వాతి భద్రతా నియమాలు కలిసి ఆ సంఖ్యని బాగా కిందికి దించాయి.

అంతమందికి తిండి, నీళ్ళు?

చిన్న లెక్క వేసి చూడండి. తాగడానికీ వంటకీ తలకి నాలుగు లీటర్లనుకుంటే ఐదు వేల మందికి రోజుకి 20 టన్నుల మంచినీళ్ళు, ఐదు రోజులకి 100 టన్నులు. బియ్యం తలకి అర కిలో వేసినా రోజుకి రెండున్నర టన్నులు. స్నానానికి ఉప్పునీళ్ళే గతి. బాయిలర్ల నీళ్ళు వేరు, వాటి జోలికి ఎవరూ పోకూడదు.

ఇంతమందికి అన్నం వండాలంటే గిన్నెలు చాలవు. ఇలాంటి ఓడల్లో ఆవిరి గొట్టం తెచ్చి పెద్ద గంగాళాలకి కలిపేవాళ్ళు. బాయిలరు వేడిగా ఉన్నంతసేపు వంటకి పొయ్యి వెతుక్కోనక్కర్లేదు.

ఎన్ని రోజుల ప్రయాణం?

నాగపట్నం నుంచి పెనాంగ్ సుమారు 1,250 నాటికల్ మైళ్ళు. 12 నాట్ల వేగంతో (గంటకి 12 నాటికల్ మైళ్ళు) నడిస్తే నాలుగు రోజుల పైచిలుకు. తూర్పుగా బంగాళాఖాతం దాటి, గ్రేట్ నికోబార్‌కీ సుమత్రా ఉత్తర కొసకీ మధ్య సందులోంచి మలక్కా జలసంధిలోకి దిగుతుంది. పెనాంగ్ నుంచి పోర్ట్ స్వెటెన్‌హాం మీదుగా సింగపూర్ చేరేసరికి మద్రాసులో ఎక్కినవాళ్ళకి రమారమి వారం. ఓడలో మశూచి, కలరా లాంటివి కనబడితే ఈ లెక్కలు చెల్లవు. పెనాంగ్ పక్కన జెరెజాక్ దీవిలో క్వారంటైన్‌కి దించేవాళ్ళు.

నాగపట్నంలో ఎక్కడం అంత కష్టమని ఎందుకంటారు?

మద్రాసులో కట్టిన హార్బరు ఉంది, ఓడ లోపలికి వస్తుంది. నాగపట్నంలో తీరం దగ్గర లోతు చాలదు. ఓడ తీరానికి దూరంగా సముద్రంలోనే లంగరు వేసి ఆగుతుంది. జనం, మూటలు, ఉల్లిపాయల బస్తాలు అన్నీ పడవల మీదే దాని దగ్గరికి రావాలి.

అల మీద పడవ లేస్తుంది, పడుతుంది. ఓడ ఉన్నచోటే ఉంటుంది. నిచ్చెన కింది మెట్టు ఒక క్షణం మోకాలి ఎత్తులో, మరు క్షణం తల మీద. పడవ అల శిఖరానికి చేరిన ఆ ఒక్క క్షణంలోనే కాలు మెట్టు మీద పెట్టాలి. అల దిగుతుండగా పెడితే పడవకీ ఓడకీ మధ్య కాలు నలుగుతుంది. పిల్లల్ని, ముసలివాళ్ళని చేతుల మీద అందించడం అందుకే. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇది మరీ గండం.

ఇంజిన్ ఎలాంటిది? ఎలా పనిచేసేది?

రెండు ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఆవిరి ఇంజిన్లు, ఒక్కో పంకాకి ఒకటి. ఒకే ఆవిరిని మూడుసార్లు వాడుకోవడం దీని సూత్రం. బాయిలరు నుంచి వచ్చిన ఆవిరి ముందు చిన్న సిలిండరులో పిస్టన్‌ని తోస్తుంది. కొంత ఒత్తిడి తగ్గి, వ్యాకోచించి రెండోదానిలోకి, అక్కణ్ణుంచి మూడోదానిలోకి పోతుంది. ఒత్తిడి తగ్గేకొద్దీ ఆవిరి ఎక్కువ చోటు అడుగుతుంది కాబట్టి ఒక్కో సిలిండరూ ముందుదానికంటే లావు. మూడోదాని తర్వాత కండెన్సరు: చల్లటి సముద్రపు నీళ్ళు పారే వందలాది ఇత్తడి గొట్టాలకి తగిలి ఆవిరి మళ్ళీ నీరవుతుంది. ఆ నీటినే పంపు మళ్ళీ బాయిలర్లోకి తోస్తుంది.

బాయిలర్లు ఆ కాలపు ఓడల్లో స్కాచ్ రకం: పెద్ద పీపా లాంటి ఉక్కు డొల్ల, దాని లోపల గొట్టాల్లా అమర్చిన కొలుములు, ఆ పైన పొగ పోయే సన్న గొట్టాలు. ఒత్తిడి చదరపుటంగుళానికి సుమారు 200 పౌండ్లు. ఇంధనం లెక్క తెలియాలంటే ఇది పట్టుకోండి: మంచి స్థితిలో ఉన్న ఇలాంటి ఇంజిన్ ఒక గుర్రపు శక్తికి గంటకి సుమారు ఒకటిన్నర పౌండ్ల బొగ్గు తింటుంది. 5,000 గుర్రపు శక్తి అయితే రోజుకి 80 టన్నులు. బొగ్గు ఓడల్లో అదంతా పారలతో కొలిమిలోకి విసరాల్సిందే.

చల్లారిన ఓడని ఎంతసేపట్లో కదిలించవచ్చు?

ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. స్కాచ్ బాయిలర్లో కొలుముల పైనున్న నీళ్ళు త్వరగా కాగుతాయి, అడుగున ఉన్నవి చల్లగానే ఉండిపోతాయి. తొందరపడి మంట పెంచితే పైభాగం సాగుతుంది, కిందిభాగం సాగదు. రివెట్ల అతుకులు కారడం మొదలవుతుంది. అందుకే సన్న మంట మీద సుమారు 24 గంటలు.

ఇంజిన్ని కూడా వేడెక్కించాలి. చల్లటి సిలిండరులోకి ఆవిరి వదిలితే నీరై అడుగున చేరుతుంది. నీళ్ళు నలగవు. పిస్టన్ వచ్చి వాటిని కొడితే సిలిండరు మూతే పగులుతుంది. కాబట్టి అడుగు కుళాయిలు తెరిచి, ఆవిరి కొద్దికొద్దిగా వదిలి, ఇంజిన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపి, కుళాయిల్లోంచి నీళ్ళు ఆగి పొడి ఆవిరి వచ్చేదాకా కాచుకోవాలి. బయల్దేరే ముందు రేవులో ఓడ బుసలు కొట్టేది ఇందుకే.

నడుస్తుండగా ఏం చెడిపోయేవి?

బేరింగులు వేడెక్కడం రోజువారీ బెడద. క్రాంకు (పిస్టన్ ఊపుని తిప్పుడుగా మార్చే వంకర ఇరుసు) బేరింగుల లోపలి పూత తగరం కలిసిన మెత్తటి తెల్లలోహం. నూనె అందకపోతే అది కరిగి కారిపోతుంది. అప్పుడు ఇంజిన్ ఆపక తప్పదు. దీన్ని కనిపెట్టేది మీటరు కాదు, నూనెవాడి అరచెయ్యి. ఇంజిన్ నిమిషానికి 80–90 చుట్లు తిరుగుతుంటే, క్రాంకు పైకి వచ్చే లయకి తన చెయ్యి కలిపి ఊపుతూ, అది పైకొచ్చిన రెప్పపాటులో వేళ్ళతో తాకి తీసేస్తాడు. గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమంటే నూనె పెంచాలి, అప్పటికీ తగ్గకపోతే గొట్టంతో సముద్రపు నీళ్ళు కొట్టాలి. ఒక్క చుట్టు లయ తప్పితే వేళ్ళు పోతాయి.

రెండోది కండెన్సరు కారడం. ఒక్క ఇత్తడి గొట్టం చిల్లిపడినా ఉప్పునీళ్ళు బాయిలరు నీళ్ళలో కలుస్తాయి. పైకి ఏమీ తెలియదు. ఉప్పు పేరుకుని కొలిమి పైన పొర కడుతుంది. ఆ పొర వేడిని నీళ్ళకి చేరనివ్వదు, కొలిమి రేకు ఎర్రబడి లోపలికి కుంగుతుంది. దీనికి పరీక్ష తేలిక: నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఉప్పుంటే పాలలా తెల్లబడుతుంది. కారుతున్న గొట్టాన్ని వెతికి రెండు కొసలా బిరడా కొట్టేస్తారు.

బాయిలరు పొంగడం మూడోది. నీళ్ళలో నూనె, ఉప్పు ఎక్కువైతే అన్నం గిన్నె పొంగినట్టు నురగ లేచి ఆవిరితో పాటు నీళ్ళూ ఇంజిన్లోకి వస్తాయి. ఫలితం పైన చెప్పిన పగిలిన మూతే.

మరి ఇన్ని చెడిపోయేవి ఉండి 47 ఏళ్ళు ఎలా బతికింది?

ఏది చెడినా ఓడలోనే బాగుచేసుకోవచ్చు, అది అసలు కారణం. తెల్లలోహాన్ని కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు. గొట్టానికి బిరడా, ఆవిరి కారకుండా చుట్టే ప్యాకింగుకి కొత్త తాడు, అంతే. నెమ్మదిగా తిరిగే యంత్రం నెమ్మదిగానే అరుగుతుంది. ఈ దారిలో 12, 13 నాట్ల వేగం చాలు, ఎవరితోనూ పందెం లేదు. బలంగా, గొప్పగా కట్టారని చాలామంది అంటారు. అది సగమే నిజం. అడిగినంత పనే అడిగారు కాబట్టి నిలిచింది.

సిబ్బంది ఎవరు?

ఆఫీసర్లు ఎక్కువగా బ్రిటిష్‌వాళ్ళు, మిగతా అంతా మన దేశపు కళాసీలు. డెక్కు, ఇంజిన్, సెలూన్ (వడ్డన, క్యాబిన్ల పని) అని మూడు జట్లు. డెక్కు జట్టుకీ ఇంజిన్ జట్టుకీ ఒక్కో పెద్ద, ఆయన సరంగు. ఆయన కింద టిండేళ్ళు, అంటే చిన్న మేస్త్రీలు. కొలిమి దగ్గర బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా, బొగ్గు మోసి తెచ్చేవాడు కోయ్‌లావాలా, వంటవాడు భండారీ. హుకుం హిందూస్తానీలో. ఇంజిన్‌గదిలో నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం.

యుద్ధంలో మునిగిపోయింది ఇదేనా?

కాదు, దీని జంట ఓడ రోహ్నా. అదీ 1926దే, కానీ టైన్ నది ఒడ్డున హాథార్న్ లెస్లీ యార్డులో కట్టారు. పైకి కవలల్లా ఉన్నా దాని ఇంజిన్లు ఆవిరిని నాలుగుసార్లు వాడుకునే రకం.

1943 నవంబరు 26న అల్జీరియా తీరం దగ్గర కాన్వాయ్‌లో పోతున్న రోహ్నాని జర్మన్ విమానం వదిలిన హెచ్.ఎస్. 293 అనే రేడియోతో నడిపే బాంబు కొట్టింది. చనిపోయిన అమెరికన్ సైనికులే 1,015 మంది. సిబ్బందిలో కూడా వందమందికి పైగా పోయారు, వాళ్ళలో అధికభాగం భారతీయులు. ఓడలోని చాలా రక్షక పడవలు నీళ్ళలోకి దిగనే లేదు. చీకట్లో, పెద్ద అలల్లో పయొనీర్ అనే మైన్‌స్వీపరు (సముద్రంలో మందుపాతరలు తొలగించే ఓడ) ఒక్కటే 600 మందికి పైగా కాపాడింది. ఆ బాంబు ఎంత బాగా పనిచేసిందో శత్రువుకి తెలియకూడదని ఆ వార్త తొక్కిపెట్టారు, దశాబ్దాల దాకా బయట పెద్దగా తెలియలేదు. కళాసీల పేర్లు ఇప్పటికీ అంతగా వినబడవు. రాజులా కూడా సైన్యాన్ని మోసింది, కానీ బతికి వచ్చింది.

తెలుగువాళ్ళకి ఈ ఓడతో ఏం సంబంధం?

విశాఖ, గోదావరి, చిత్తూరు జిల్లాల నుంచి కూలికి మలయా వెళ్ళినవాళ్ళలో చాలామంది మద్రాసు మీదుగానే వెళ్ళారు. రైల్లో మద్రాసు, అక్కడ ఆవడి డిపోలో మకాం, వైద్య పరీక్ష, తర్వాత బి.ఐ. ఓడ. రెండో డిపో నాగపట్నంలో ఉండేది. మలయాలో రబ్బరు తోటలకీ, పెరాక్ రాష్ట్రం దిగువన బాగాన్ దాతో కొబ్బరి తోటలకీ చేరారు. బాగాన్ దాతోలో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

బర్మా వెళ్ళినవాళ్ళతో దీన్ని కలిపేయకండి. రంగూన్ దారి వేరు, ఆ ఓడలు వేరు. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో ఆగి జనాన్ని ఎక్కించుకునేవి. "మా ముత్తాత కాకినాడలో ఓడెక్కాడు" అని ఇంట్లో చెప్పుకుంటే అది దాదాపుగా రంగూన్ ఓడే.

మా తాతగారు రాజులాలో వెళ్ళారట. ఎలా నిర్ధారించుకోవాలి?

ముందు ఏడాది పట్టుకోండి. 1926కి ముందైతే రాజులా కానేకాదు. 1942 నుంచి 1945 దాకా మలయా జపాన్ చేతిలో ఉంది, ఆ ఏళ్ళలో ఈ సర్వీసు లేదు. 1938లో కూలీల పంపకాన్ని భారత ప్రభుత్వం ఆపేసింది, ఆ తర్వాత కూలిగా వెళ్ళారంటే సొంత ఖర్చుతో వెళ్ళి ఉండాలి. 1950ల నుంచి ఇదే దారిలో స్టేట్ ఆఫ్ మద్రాస్ అనే ఓడ కూడా తిరిగింది. 1973 తర్వాతైతే అది చాలావరకు చిదంబరం అనే ఓడ.

పాత పాస్‌పోర్టు ఉంటే ఓడ పేరు కోసం కాకుండా ముద్రలోని రేవు, తేదీ చూడండి. తర్వాత ఆ తేదీకి ఏ ఓడ వచ్చిందో సింగపూర్, పెనాంగ్ పత్రికల్లో ఓడల రాకపోకల శీర్షికలో వెతకండి. సింగపూర్ జాతీయ గ్రంథాలయం పాత పత్రికల్ని ఆన్‌లైన్లో ఉంచింది. తేదీకి రెండు మూడు రోజులు అటూ ఇటూ చూడాలి, క్వారంటైన్ వల్ల దిగిన రోజు వేరు కావచ్చు.

లండన్ నేషనల్ ఆర్కైవ్స్ ప్రయాణికుల జాబితాల కోసం డబ్బు కట్టకండి. అవి బ్రిటన్ రేవుల్లో ఎక్కినవాళ్ళవి, దిగినవాళ్ళవి. మద్రాసు–పెనాంగ్ ప్రయాణికులు అందులో ఉండరు. కూలీల వ్యవహారాలకి చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, కౌలాలంపూర్‌లోని జాతీయ ఆర్కైవ్స్ సరైన చోట్లు. అక్కడ దొరికేది కూడా ఎక్కువగా లెక్కలు, ఉత్తరాలు. డెక్కు ప్రయాణికుల పేర్లు దొరకడం అదృష్టం. పేరుని తమిళ గుమస్తా విన్నట్టు రాశాడు, ఇంగ్లీషు గుమస్తా దాన్ని మళ్ళీ మార్చాడు. కాబట్టి పేరుతో పాటు ఊరు, తాలూకా పెట్టుకుని వెతకండి.

ఎందుకు ఆపేశారు? ఇంజిన్ అయిపోయిందా?

ఇంజిన్ వల్ల కాదు. జనం తగ్గారు. 1953లో అమల్లోకి వచ్చిన మలయా వలస చట్టం కొత్తవాళ్ళ రాకని కట్టడి చేసింది. 1969 తర్వాత మలేషియాలో పౌరసత్వం లేనివాళ్ళకి పని అనుమతి తప్పనిసరి కావడంతో చాలామంది తిరుగు ప్రయాణం కట్టారు. వెళ్ళేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు కిటకిట. విమానాలు క్యాబిన్ ప్రయాణికుల్ని లాక్కున్నాయి. డెక్కు మీద మనుషుల్ని మోసే ఓడల మీద 1971 అంతర్జాతీయ ఒప్పందంతో నియమాలు ఇంకా బిగిశాయి. 1973 చివర్లో ముడిచమురు ధర కొన్ని నెలల్లోనే నాలుగింతలైంది. పాత ఆవిరి ఇంజిన్‌ది డీజిల్ కన్నా ఆబగా తినే కడుపు. ఈ ఐదూ ఒకదాని తర్వాత ఒకటి మీద పడితే ఏ ఓడా నిలవదు.

తర్వాత ఏమైంది?

1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని రంగత్ అని పేరు మార్చింది. మధ్య అండమాన్‌లో ఒక ఊరి పేరది. మరుసటి ఏడాది, 1974లో, బొంబాయిలో తుక్కు చేశారు. సింగపూర్ దారిని చిదంబరం అందుకుంది. 1985 ఫిబ్రవరిలో ఆ ఓడలో నిప్పంటుకుని ప్రాణాలు పోవడంతో మద్రాసు–సింగపూర్ ప్రయాణికుల ఓడల కథ ముగిసింది.

అలాంటి ఓడని ఎలా విప్పుతారు? ఏమైనా మిగిలిందా?

ముందు ట్యాంకుల్లో నూనె తోడి, గాలి ఆడించి ఆవిర్లు పోగొడతారు. ఇది సరిగ్గా చెయ్యకపోతే మొదటి గ్యాస్ కట్టరుకే పేలుతుంది. తర్వాత తేలికగా డబ్బయ్యేవి: కంచు పంకాలు, కండెన్సరు ఇత్తడి గొట్టాలు, రాగి పైపులు, టేకు చెక్క, కుర్చీలు, గడియారాలు. ఆపైన మేడలు, డెక్కులు, చివరికి అడుగు.

ఇంజిన్ దగ్గర గ్యాస్ మంట ఓడిపోతుంది. సిలిండర్లు పోత ఇనుము, మంట దాన్ని ఉక్కులా కొయ్యలేదు. బరువైన ఇనుప గుండు ఎత్తి వేసి పగలగొట్టాల్సిందే. బాయిలర్ల చుట్టూ కట్టిన తెల్లటి పూతలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ రోజుల్లో దాన్ని ఒట్టి చేతులతో పీకేవాళ్ళు. 1926 ఓడ రివెట్లది, వెల్డింగుది కాదు. రేకులు విడదీసి మిల్లుల్లో మళ్ళీ సాగదీస్తే ఇంటి శ్లాబు ఇనుప కడ్డీలవుతాయి. పాత సామాన్ల దుకాణాల్లో "రాజులా గంట" అని ఎవరైనా అమ్మజూపితే చెక్కిన పేరు చూడండి. పేరు, ఏడాది గంట పోతలోనే వస్తాయి లేదా లోతుగా చెక్కి ఉంటాయి. పైపైన గీసినట్టుంటే కొనకండి.

ఇలాంటి ఇంజిన్ నడుస్తుండగా ఇప్పుడెక్కడ చూడొచ్చు?

న్యూజిలాండ్ క్వీన్స్‌టౌన్‌లో 1912 నాటి ఎర్న్‌స్లా సరస్సు మీద ఇప్పటికీ జనాన్ని తిప్పుతోంది. రాజులాకంటే చాలా చిన్నది, కానీ రెండు పంకాలు, రెండు ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజిన్లు. ఇంజిన్‌గది పైనున్న నడవ నుంచి కిందికి చూడొచ్చు. ఇంగ్లండ్ సౌతాంప్టన్‌లో 1955 నాటి షీల్డ్‌హాల్ ఉంది, వేసవిలో తిరుగుతుంది. వెళ్తే పిస్టన్ల మెరుపు చూసి ఆగిపోకండి, క్రాంకుల దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి చూడండి.